చివర ‘అంతే’ లేని ఉత్తరం

ఆఫీసు, రెండో అంతస్తు
ఎండలు ముదిరిన రోజులు

అన్నయ్యకు,

నువ్వు అక్కడ హాయిగానే ఉండి ఉంటావు. ఇక్కడ నాకే దిగువ వీధిలో తలెత్తుకునే వీల్లేకుండా పోయింది.

మంగళవారం నీ మట్టం గది నుంచి పంపిన మెసేజ్ గుర్తుందా? “మట్టం నాలుగు. నీళ్లు తేటగా ఉన్నాయి. ఖాళీ చేయండి అని అరిచే పని ఇప్పట్లో లేదు. అంతే.” ఏటి మట్టం ఎంతో చెప్పవయ్యా అంటే ఈ కబుర్లన్నీ ఎవరికి? నిజంగా వరదొచ్చిన రోజు నువ్వు ‘ఖాళీ చేయండి’ అని కొడితే నా ప్రోగ్రాం సైరన్ మోగించాలి. ఆ మాట మెసేజ్‌లో ఎక్కడ కనబడినా మోగించమని రాశాను. కనబడింది, మోగించింది. ముందూ వెనకా చదివి అర్థం చేసుకునే తెలివి దానికి లేదు. పట్టపగలు, చుక్క వాన లేకుండా, వీధి వీధంతా పిల్లల్ని చంకనేసుకుని గట్టెక్కింది.

పిన్ని సంగతి చెప్పనా? నోట్లో దారప్పోగు, మెడలో కొలత టేపు, చంకలో కుట్టుమిషను తలకాయ. ఊడబీకి మోసుకొచ్చేసింది. సంగతి తెలిశాక అందరి ముందూ నన్ను కడిగేసింది. “మీ అన్న వాగుడికీ నీ కంప్యూటరు చాదస్తానికీ మధ్య నా మోకాళ్లు అరిగిపోతున్నాయే! ఇంకోసారి ఉత్తినే మోగిందో, నిజంగా మోగినా నేను కదలను, చెప్తున్నా.”

నవ్వకు. అమ్మ పోయాక మనిద్దర్నీ ఆ మిషను తొక్కే పెంచింది. ఆవిడ కదలనంటే కదలదని నీకూ తెలుసు.

అందుకని మార్చేస్తున్నాను. మేం ప్రోగ్రాం రాసే భాషలో ఒక చిన్న ప్రశ్న ఉంది. ఒక వాక్యాన్నీ ఒక మాటనీ దాని చేతికిచ్చి, “ఈ వాక్యం ఈ మాటతోనే ముగిసిందా?” అని అడగొచ్చు. అవును, కాదు, రెండే జవాబులు. మధ్యలో ఏముందో దానికి పట్టదు, తోక ఒక్కటే చూస్తుంది. ఇకమీదట మెసేజ్ ‘ఖాళీ చేయండి’తో ముగిస్తేనే సైరన్. కబుర్ల మధ్యలో ఆ మాట వస్తే మోగదు.

కాబట్టి ఒక్క సంగతి. ఆ మాట తర్వాత ఇంకేమీ కొట్టకూడదు. నాన్న నేర్పిన ‘అంతే’ కూడా. ఉత్తరాల్లో రాసుకో, నేనూ రాస్తాను. మెసేజ్ మిషన్‌లో మాత్రం వద్దు.

పిన్ని నీకు రెండు చొక్కాలు కుట్టింది. వ్యాను మామ తెస్తాడు. చేతులు పొడుగు పెట్టిందట, ఈ వయసులో ఇంకా పెరుగుతావని ఆవిడ నమ్మకం.

అంతే.


మట్టం గది, కొండ మలుపు

గడుగ్గాయికి,

చదువుతూ నవ్వాను, పిన్ని మోకాళ్ల దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకున్నాను. ఇక్కడ ఫోను పలకదు. వారానికోసారి సరుకులు తెచ్చే వ్యాను మామ తప్ప మనిషి మొహం కనబడదు. నాకున్న నోరు ఆ మెసేజ్ మిషన్ ఒక్కటే. అందులో రెండు మాటలు ఎక్కువ కొడితే తప్పా? తప్పే, ఒప్పుకున్నాను. కబుర్లు కట్టిపెడతాను.

‘అంతే’ మానమన్నావు చూడు, అది మాత్రం మింగుడు పడలేదు. నాన్న ఇదే కుర్చీలో కూర్చుని వైర్‌లెస్‌లో మట్టం చదివిన రోజులు నీకు గుర్తుండవు, నువ్వు పసిదానివి. వానొస్తే మాట సగంలో తెగిపోయేది. “మట్టం పద...” అని వినబడి ఆగిపోతే అది పదకొండో పదమూడో అవతలివాడికి ఎలా తెలుస్తుంది? మాట పూర్తయిందా, తెగిందా? అందుకే నాన్న ఏది చెప్పినా చివర ‘అంతే’ అనేవాడు. “ఆ మాట వినబడలేదంటే ఇంకా ఏదో ఉందని. చెవి తియ్యొద్దు” అని అవతలివాళ్లకి చెప్పి పెట్టాడు. మనకి అక్షరాలు దిద్దించినప్పుడు కూడా అడుగున ఆ మాట రాస్తేగాని పలక కింద పెట్టనిచ్చేవాడు కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది చేతికి పట్టిన బుద్ధి, ఇంకా మొండిది.

అయినా నీ మాట కాదనను. పిన్ని మోకాళ్ల కోసం మానేస్తున్నాను. అట్టముక్క మీద ‘అంతే వద్దు’ అని పెద్దక్షరాలతో రాసి మిషన్ నెత్తిన అంటించాను. వ్యాను మామ అది చూసి, “అంతే వద్దంటే, ఇంకా కావాలనా?” అన్నాడు. ఆయనకి టీ ఇచ్చి పంపించాను.

చొక్కా చేతులు వేళ్ల దాకా వచ్చాయి. ఇక్కడి చలికి అదే మేలని పిన్నికి చెప్పు.

అంతే.


ఆఫీసు, రెండో అంతస్తు

అన్నయ్యకు,

ప్రోగ్రాంకి పెట్టాల్సిన పరీక్షలన్నీ అయ్యాయి. పెద్ద సారు పక్కనే నిలబడి చూశారు. మాట తర్వాత చుక్క పెట్టి చూశాను, రెండు చుక్కలు పెట్టి చూశాను, ఖాళీ వదిలి చూశాను. చివర మిగిలే ఇలాంటి చెత్తంతా ముందు తుడిచేసి, ఆ తర్వాత తోక చూస్తుంది. మనిషి చెయ్యి చేసే పొరపాట్లన్నీ ఊహించావమ్మా అని సారు మెచ్చుకున్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడం ఏటికి ఎదురీదినంత కష్టం, నీకు తెలుసుగా.

దిగువ వీధికి వెళ్లి అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇక ఉత్తుత్తి మోతలుండవు, మోగిందంటే నిజంగా వరదే అని. ఇదివరకు ఇనుప పట్టా కొట్టి లేపే కాపలాదారుడు ఉండేవాడు కదా, ఆయన్ని ఆఫీసు తోటపనికి మార్చారు. ఇప్పుడు సైరనే దిక్కు.

పిన్ని పక్కకి పిలిచి అడిగింది. “నిజంగా చెప్పవే. ఎవరో వచ్చి నీళ్లొస్తున్నాయ్ నీళ్లొస్తున్నాయ్ అంటారు. పోయినేడు అలాగే పరిగెత్తి తలుపు తీసి పోతే గుడ్డలెవరో ఎత్తుకుపోయారు. ఎవర్ని నమ్మను?” నేను చెప్పాను: “ఎవర్నీ నమ్మకు. నేను చేసిన సైరన్ పిన్నీ. అది మోగితే లే. మోగకపోతే మిషను దిగకు.”

“సరే, మీ నాన్న తర్వాత నీ మాటే” అంది. అని నా జుట్టు సవరించింది, ఇంకా చిన్నపిల్లనైనట్టు.

అంతే.


మట్టం గది, కొండ మలుపు
మొదటి వానలు

గడుగ్గాయికి,

ఏరు రంగు మారింది. రాతి స్తంభం మీద నాన్న రంగు వేసిన గీతల్లో కింది ఆరూ మునిగాయి. భయపడేది ఏమీ లేదు, ఇది ఏటా ఉండేదే. మట్టం ఆరు దాటితే గంటగంటకీ పంపిస్తున్నాను, ఉత్త అంకె మాత్రమే. నువ్వు చూసి మురిసిపోతూ ఉండు.

ఒక్కటి చెప్పాలి. నిన్న రెండుసార్లు అలవాటుగా ‘అంతే’ కొట్టేసి, అట్టముక్క చూసి నాలిక్కరుచుకుని తుడిచాను. తీరిగ్గా ఉన్నప్పుడు సరే, కంగారులో నా చేతిని నేను నమ్మను, నువ్వూ నమ్మకు. చుక్కని తుడిచేస్తుందన్నావు, ఖాళీని తుడిచేస్తుందన్నావు. నీ ప్రోగ్రాంకి ఆ ఒక్క మాట కూడా నేర్పకూడదూ? చుక్కని క్షమించేది నాన్నని క్షమించదా?

కోపం తెచ్చుకోకు. పని నీది, నీకే బాగా తెలుసు. అడగాలనిపించి అడిగాను.

అంతే.


ఆఫీసు, రెండో అంతస్తు

అన్నయ్యకు,

నువ్వు అడిగింది సారుతో అన్నాను. ఏటి పొడుగునా ఇంకా మట్టం గదులున్నాయి, ఒకాయన చివర తన పేరు కొడతాడు, ఇంకొకాయన నమస్కారం పెడతాడు. ఒక్కొక్కరి అలవాటుకీ ఒక్కో లైను రాసుకుంటూ పోతే ఇంక ప్రోగ్రాం ఎందుకు, మర్యాదల పుస్తకం రాసుకోవచ్చు అన్నారు. నాకూ నిజమే అనిపించింది. అందరికీ ఒకటే రూలు. నువ్వు పట్టుబట్టి మానితే మానగలవు.

పని ఒత్తిడిగా ఉంది. తిండి వేళకి తిను.

అంతే.


పిన్ని గది, దిగువ వీధి

అన్నయ్యా,

పిన్ని పోయింది.

ఇంకెలా రాయాలో తెలియలేదు. నీ గదికి వచ్చే దారి మలుపు దగ్గర కొట్టుకుపోయిందట. వ్యాను మామ నడిచొచ్చి ఈ ఉత్తరం ఇస్తానన్నాడు. ఇది చదివేటప్పుడు ఆయన నీ దగ్గరే ఉండాలని చెప్పి పంపించాను. ఉన్నాడా?

నీళ్లు మధ్యాహ్నం వచ్చాయి. వీధిలో అందరూ కళ్లతో చూసి పరిగెత్తారు. పిన్ని గది చిట్టచివర, పల్లంలో ఉంది కదా, ఆవిడ రాలేకపోయింది. వీధి మొత్తానికి పోయింది ఆవిడొక్కతే. సాగనంపడానికి నువ్వు లేవు. నేనూ వీధివాళ్లూ సాగనంపాం.

సైరన్ మోగలేదు. తీగ ఎక్కడో తెగిందంటున్నారు. నువ్వు చెయ్యాల్సింది నువ్వు చేశావు. దీని గురించి నువ్వు ఏమీ ఆలోచించకు.

గోడ మీద బురద గీత కిటికీ పైదాకా ఉంది. దానికి కొంచెం పైన మేకుకి కొలత టేపు వేలాడుతోంది. అది తడవలేదు.

ఒంట్లో జాగ్రత్త. ఇప్పుడు నాకు నువ్వే.

నీ చెల్లెలు


మట్టం గది, కొండ మలుపు

అమ్మలూ,

వ్యాను మామ ఉన్నాడు. నేను చదువుతుంటే నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. రాత్రికి కూడా వెళ్లలేదు.

నాకు ఏడుపు రావడం లేదు. పిన్ని కుట్టిన చొక్కా వేసుకుని ఏటి వైపు చూస్తూ కూర్చున్నాను. పొడుగు చేతులు మడిచి మడిచి మోచేతుల దాకా తెచ్చుకున్నాను. ఎన్నిసార్లు మడిచినా జారిపోతున్నాయి.

ఆ రోజు సంగతి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. స్తంభం మీద గీతలు కళ్లముందే మునిగిపోతున్నాయి. పైనుంచి ఏదో పెద్ద చెట్టు వేళ్లతో సహా వచ్చి స్తంభానికి కొట్టుకుంది, గది అదిరింది. పరిగెత్తి కొట్టాను. మట్టం పదమూడు, ఖాళీ చేయండి. పంపాను. పోయినట్టు దీపం వెలిగింది. పోయిందిలే, వాళ్లు గట్టెక్కి ఉంటారులే అని గుండె మీద చెయ్యి వేసుకున్నాను. పిన్ని మిషను తలకాయ మోసుకెళ్తుంటుంది, మళ్లీ నన్ను తిడుతుంటుంది అని నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నా మెసేజ్ అందిందా? అందింది, తీగ తెగింది, ఇదేనా జరిగింది? నువ్వు ఆ మాట చెప్తే నాకు చాలు.

నువ్వు ఒక్కదానివే ఆ గదిలో కూర్చోకు. మీ ఆఫీసు స్నేహితురాలి ఇంటికి వెళ్లు.

అంతే.


ఆఫీసు, రెండో అంతస్తు

అన్నయ్యా,

నీ మెసేజ్ అందింది. ఆ విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక్కడ విచారణ అని ఒకటి పెట్టారు. పైనుంచి ఇద్దరు వచ్చి కాగితాలు అడుగుతున్నారు. రోజూ కూర్చోబెట్టి అడిగిందే అడుగుతారు. నీ దాకా రారు, నేను చూసుకుంటాను. ఎవరైనా వచ్చి ఏమైనా అడిగినా, నాకు తెలియదు మా చెల్లెల్ని అడగండి అను.

పిన్ని గది కడిగాను. మిషను ఎండబెట్టి నూనె వేశాను. చక్రం తిరుగుతోంది గాని సూది దిగడం లేదు. బాగుచేయించి నా గదిలో పెట్టుకుంటాను.

ఇంకేం రాయను. కులాసాగా ఉండు.

నీ చెల్లెలు


మట్టం గది, కొండ మలుపు

అమ్మలూ,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. రెండింటి చివరా ‘అంతే’ లేదు.

అక్షరాలు వచ్చిన నాటి నుంచి నువ్వు ఆ మాట లేకుండా కాగితం మడవలేదు. పిన్నితో పోట్లాడి తలుపు మీద అంటించిన చీటీలో కూడా “నేను అన్నం తినను. అంతే” అని రాశావు. దుఃఖంలో మర్చిపోయావనుకుందామంటే ఒకసారి మర్చిపోతావు, రెండోసారి మర్చిపోవు. నాన్న ఏమన్నాడు? ఆ మాట లేదంటే ఇంకా ఏదో ఉందని. నేను చెవి తియ్యను.

ఇంకోటి. నీళ్లు తీశాక మర్నాడే సైరన్ నొక్కి చూశారనీ ఊరంతా వినబడేలా మోగిందనీ వ్యాను మామ చెప్పాడు. తెగిన తీగ రాత్రికి రాత్రి అతుక్కుందా?

నేను పంపాను. నీకు అందింది. తీగ బాగానే ఉంది. మరి మోగలేదేం? మధ్యలో ఉన్నది నీ ప్రోగ్రాం ఒక్కటే. అది తప్పు చేస్తే నువ్వు నాకు దాచవు. మొదటి లైన్లోనే గుండెలు బాదుకుంటూ రాసేస్తావు, నీ తప్పులు దాచుకోవడం నీకు చేతకాదు. నువ్వు దాస్తున్నావంటే అది నీ తప్పు కాదు. మరి మిగిలింది నేనొక్కణ్ణే.

నేనేం కొట్టానో నాకు గుర్తు లేదు. ఈ మిషన్ పంపింది దాచుకోదు. నువ్వు చదివావు. చివర ఏముందో రాయి.

అంతే.


ఆఫీసు, రెండో అంతస్తు

అన్నయ్యా,

“మట్టం పదమూడు ఖాళీ చేయండి అంతే”

ఇదే నువ్వు పంపింది. ఇలాగే వచ్చింది. ఇది చెప్పకుండా బతికేద్దామనుకున్నాను, నీ దగ్గర నా ఆటలు ఎప్పుడు సాగాయి కనుక!

ప్రోగ్రాం అడిగింది, “ఇది ‘ఖాళీ చేయండి’తో ముగిసిందా?” అని. కాదు. మామూలు మెసేజ్‌ల్లో పడేసింది. నేను ఆ వేళకి కింద భోజనాల గదిలో ఉన్నాను. పైకొచ్చి చూశాక కుర్చీలో కూడా కూర్చోలేదు, సైరన్ చేత్తో నొక్కేసి మెట్ల మీంచి పరిగెత్తాను. మోగలేదని రాశాను గాని నిజానికి మోగింది అన్నయ్యా, నీళ్లొచ్చేశాక. నేను గట్టు దిగేసరికి వీధి లేదు, నీళ్లే ఉన్నాయి.

ఇంకోటి కూడా దాచాను. పిన్ని రాలేకపోవడం కాదు. ఎదురింటి తాళాలు బాగుచేసే ఆయన పరిగెత్తేముందు ఆవిడ కిటికీ బాదాడు. “అమ్మా, నీళ్లు! లే!” అని అరిచాడు. ఆవిడ మిషను ఆపి ఏమందో ఆయన నాకు చెప్పలేక చెప్పాడు. “సైరన్ మోగలేదుగా బాబూ. మా అమ్మాయి చెప్పింది, మోగితేనే లెమ్మంది. నువ్వు పిల్లల్ని తీసుకుని పద.” మళ్లీ తొక్కడం మొదలెట్టిందట. ఆయన తన పిల్లల్ని గట్టెక్కించి తిరిగొచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు.

నా మాట నమ్మి కూర్చుంది. నువ్వు ఇప్పుడు నీ చేతిని నరుక్కోవాలనుకుంటావు, నాకు తెలుసు. అందుకే దాచాను. కానీ ముందు ఇది విను.

నువ్వు అడిగావు. నా చేతిని నమ్మకు, ఆ ఒక్క మాట నేర్పకూడదూ అని. ఒక్క లైను. టీ చల్లారేలోపు రాయొచ్చు. చుక్క ఊహించాను, ఖాళీ ఊహించాను, నాన్న మన చేతుల్లో పెట్టిన మాట తెలిసి తెలిసి వదిలేశాను. ప్రోగ్రాం మార్చడం కంటే నిన్ను మార్చడం తేలిక అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

విచారణలో పెద్ద సారు, “రూలు తప్పిందెవరమ్మా? పైనున్న ఆయనే కదా?” అన్నారు. తోటపనిలో ఉన్న కాపలాదారుడు కిటికీ అవతల నిలబడి వింటున్నాడు. నేను లేచి నిలబడి చెప్పాను. “రూలు పెట్టింది నేను సార్. గది అదిరిపోతుంటే కూడా ఆయన కుర్చీ వదల్లేదు, పంపాల్సింది పంపాడు. ‘ఖాళీ చేయండి’ అని కళ్లున్న ఎవరైనా చదవగలరు. చదవలేనిది నేను రాసింది.” రాసుకున్నారు. నీ ఉద్యోగం జోలికి రారు. నన్ను ఏం చేస్తారో తెలియదు, ఏం చేసినా సరే.

నాకు ఏడుపు ఆగడం లేదు. దాచినవి మాత్రం ఇంకేమీ లేవు.

అంతే.


ఆఫీసు, రెండో అంతస్తు
వానలు తగ్గాక

అన్నయ్యా,

వ్యాను మామ మళ్లీ ఉత్తచేతులతో వచ్చాడు. “ఉత్తరం ఇవ్వలేదమ్మా. సరుకులు అందుకున్నాడు, నన్ను కౌగిలించుకుని పంపేశాడు” అన్నాడు. రోజూ నీ మట్టం అంకె వస్తోంది. అది చూసి బతికే ఉన్నావనుకుంటున్నాను. నన్ను తిట్టు. తిట్టడానికైనా రాయి.

ఉద్యోగం ఉంచారు. ఈ ప్రోగ్రాం మళ్లీ రాయడం నా పనే అన్నారు. కాపలాదారుడికి ఇనుప పట్టా మళ్లీ ఇచ్చారు, సైరన్ మోగినా మోగకపోయినా ఆయన ఏటి గట్టున ఉంటాడు.

కొత్తది రాశాను. ఇప్పుడు అన్ని మట్టం గదులవాళ్లూ ప్రతి మెసేజ్ చివరా ‘అంతే’ కొట్టాలి. పేరు కొట్టే ఆయనా, నమస్కారం పెట్టే ఆయనా, అందరూ. ప్రోగ్రాం ముందు ఆ మాట ఉందా అని చూస్తుంది. ఉంటే దాన్ని పక్కకి తీసి, మిగిలినది ‘ఖాళీ చేయండి’తో ముగిసిందా అని చూస్తుంది. ముగిస్తే సైరన్. అసలు ‘అంతే’యే లేకపోతే మాట సగంలో తెగిందని లెక్క, అప్పుడూ సైరనే. “ఉత్తుత్తినే మోగితే జనం తిడతారమ్మా” అన్నారు సారు. తిట్టించుకుంటానన్నాను.

ఒకటో తారీఖు నుంచి మొదలు. నీ మిషన్ నెత్తిన ఉన్న అట్టముక్క తీసెయ్ అన్నయ్యా. నాన్న మాట నాన్నకి ఇచ్చేశాను.

అంతే.


పిన్ని గది, దిగువ వీధి
ఒకటో తారీఖు

అన్నయ్యా,

ఈ ఉదయం సైరన్ మోగింది.

ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను పిన్ని గదికి సున్నం వేయిస్తూ ఇక్కడే ఉన్నాను. మోత మొదలవగానే కాపలాదారుడు పట్టా అందుకున్నాడు. వీధి వీధంతా లేచింది. ఎవరూ ఆగలేదు, ఎవరూ అడగలేదు. తాళాల ఆయన తన ముసలి తల్లిని వీపున వేసుకున్నాడు. బాలింత ఒకామె పసిబిడ్డతో మెట్లెక్కుతుంటే నలుగురు చేతులందించారు. నేనూ వాళ్లతో పాటు ఎక్కాను. పైనుంచి తిరిగి చూస్తే కింద ఒక్క మనిషి కూడా లేడు. పిన్ని గది తలుపు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు.

ఆఫీసుకి పరిగెత్తి చూశాను. నీ మెసేజ్: “మట్టం నాలుగు”. చివర ఏమీ లేదు.

మొదట తెగిందేమో అనుకున్నాను. మళ్లీ ఇంకోటి వచ్చింది, అదీ ‘అంతే’ లేకుండానే. అప్పుడు అర్థమైంది. తెగలేదు. నువ్వు కొట్టలేకపోయావు.

గట్టు మీదికి తిరిగొచ్చి వీధివాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పేశాను, మా అన్నయ్యకి ఆ మాట చేతికి రావడం లేదని. నన్ను తిడతారనుకున్నాను. తాళాల ఆయన ముందుకొచ్చి, “రాకపోతే రానీ అమ్మా. రెండ్రోజులు ఎక్కుతాం దిగుతాం, మాకేం అరిగిపోదు. మీ అన్నని నిదానంగా కొట్టమను” అన్నాడు. కాసేపటికి అందరూ దిగిపోయి పనుల్లో పడ్డారు.

నీకోసం సైరన్ ఆపెయ్యమని సారుని అడగను. నువ్వు కొట్టనన్ని రోజులూ మోగుతుంది, మేం ఎక్కుతూ ఉంటాం. అది నీ మెడ మీద కత్తి పెట్టడానికి చెప్పడం లేదు అన్నయ్యా. నువ్వు ఆ మాట మింగేసుకున్నా ఈసారి ఎవరూ పోలేదని చెప్పడానికి రాస్తున్నాను.

వ్యాను మామని ఇవాళే పంపిస్తున్నాను.

అంతే.


మట్టం గది, కొండ మలుపు

గడుగ్గాయికి,

చాలా రోజుల తర్వాత నిన్ను ఇలా పిలిచాను, చూశావా?

నీ మీద కోపంతో రాయకపోవడం కాదు. కలం పట్టుకుంటే ఉత్తరం చివర ఏం రాయాలన్న దగ్గరే ఆగిపోయేవాణ్ణి. నాన్న ఆ మాట మనల్ని కాపాడడానికి ఇచ్చాడు. నేను దాంతోనే పిన్నిని చంపుకున్నానని అనిపించేది. అట్టముక్క పీకేశాను, నువ్వు చెప్పినట్టే. ఒకటో తారీఖు ఉదయం అంకె కొట్టి, ఆ మాట కోసం వేలు ఎత్తి, ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే కూర్చున్నాను. చివరికి అంకె ఒక్కటే పంపేశాను. మోగుతుందని తెలుసు. తెలిసే పంపాను. ఇక్కడికి వినబడదు కదా, అయినా కిటికీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

నీ ఉత్తరం తెచ్చి వ్యాను మామ పక్కనే కూర్చుని నాతో బిగ్గరగా చదివించాడు. బాలింత మెట్లెక్కిన దగ్గర ఆగిపోయాను. పిన్ని పోయిన తర్వాత అప్పుడే మొదటిసారి ఏడ్చాను. మామ కూడా ఏడ్చాడు. ఆయనకి మన పిన్ని కుట్టిన సంచీ ఒకటి ఉందట, ఇన్నాళ్లూ చెప్పలేదు.

తప్పంతా నీదే అని రాసుకున్నారన్నావు. రాసుకున్న కాగితం వాళ్ల దగ్గర ఉండనీ. మనిద్దరి మధ్యా మాత్రం సగం నాది. పిన్ని బతికుంటే ఇద్దరికీ చెరో చెంపా వాయించి, తర్వాత భోజనానికి పిలిచేది. ఆ పిలుపు లేకపోవడమే నాకు కష్టంగా ఉంది.

ఇవాళ పొద్దున మామని పక్కన కూర్చోబెట్టుకుని కొట్టాను. మట్టం మూడు అంతే. ఈసారి వేలు ఆగలేదు. మీరెవరూ గట్టెక్కి ఉండరు. తాళాల ఆయనకి చెప్పు, నిదానంగానే కొట్టానని.

దారి బాగుచేశారు, నా బదులు మనిషిని పంపుతామన్నారు. వచ్చే వ్యానులో దిగుతాను. మిషను సూది నేను చూస్తాను, నువ్వు ముట్టుకోకు.

మిషన్‌లో కొట్టాను గాని, నువ్వు నిజం రాసిన ఉత్తరం వచ్చాక ఆ మాట కాగితం మీద రాయడం ఇదే మొదలు. పిన్ని లేదు. నువ్వున్నావు, నేనున్నాను.

అంతే.